కాలేజీకొచ్చిన షోకాజ్‌ నోటీసు

అమెరికాలో జూలై 4 అంటే స్వాతంత్య్ర దినం. ఊరూరా టపాసులు, పిల్లాజెల్లాతో పార్కుల్లో భోజనాలు. 2013లో సరిగ్గా ఆ ముందురోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీ నెత్తిన పిడుగు పడింది. 'వచ్చే ఏడాది జూలై 31తో మీ గుర్తింపు రద్దు' అన్న నిర్ణయం వెలువడింది. 1935లో పుట్టిన కాలేజీ అది. అప్పటికి అందులో చదువుతున్నవారు దాదాపు 85 వేల మంది. ఓ చిన్న పట్టణమంత జనం!

వాళ్ళెవరో తెలిస్తేగానీ ఆ కబురు బరువు తెలీదు. కమ్యూనిటీ కాలేజీ అంటే మన జూనియర్‌ కాలేజీకీ, డిగ్రీ కాలేజీకీ, ఐటీఐకీ, వయోజన విద్యా కేంద్రానికీ కలిపి ఒకటే గేటు పెట్టినట్టు. ఇంటర్‌ మార్కులు ఎన్ని అని అడగరు. ఎంట్రన్సు లేదు. రెండేళ్ళు చదివి అక్కణ్నుంచి యూనివర్సిటీలో మూడో ఏడాదిలో చేరేవాళ్ళు కొందరు. నర్సింగ్‌, ఆటో మెకానిక్‌, వంటపని నేర్చుకునేవాళ్ళు ఇంకొందరు. నిన్నగాక మొన్న చైనా నుంచో మెక్సికో నుంచో వచ్చి, ఉచిత తరగతుల్లో ఇంగ్లిషు అక్షరాలు దిద్దే అరవయ్యేళ్ళ అమ్మమ్మలూ ఉంటారు. కాలిఫోర్నియాలో ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. రాష్ట్రవాసులకు 2012 నుంచి యూనిట్‌కు 46 డాలర్లు ఫీజు. అసోసియేట్‌ డిగ్రీకి కావాల్సిన 60 యూనిట్లకూ కలిపి 2,760 డాలర్లు. అమెరికా లెక్కల్లో అది చాలా చవక. ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ సంగతి బాగా తెలుసు. పిల్లలు హైస్కూల్లో ఉండగానే వేసవిలో పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో ఓ లెక్కల కోర్సు చేయించడం వాళ్ళకు మామూలే.

మరి గుర్తింపు పోతే ఏమవుతుంది? గేటుకు తాళం వెయ్యరు. కానీ వేసినంత పని అవుతుంది. అక్కడ చదివిన యూనిట్లను యూనివర్సిటీలు ఒప్పుకోకపోవచ్చు. పేద పిల్లలకు ఫెడరల్‌ ప్రభుత్వం ఇచ్చే పెల్‌ గ్రాంటు గుర్తింపున్న చోట చదివితేనే వస్తుంది. అది ఆగితే సగం బెంచీలు ఖాళీ. 'గుర్తింపు లేని చోట చదవడం' అంటే ఏమిటో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోనే ట్రైవ్యాలీ యూనివర్సిటీ గుట్టు రట్టయినప్పుడు కాళ్ళకు రేడియో ట్యాగులతో టీవీల్లో కనిపించింది మన పిల్లలే. విద్యార్థి వీసా పత్రాలిచ్చే అనుమతి ఆ సంస్థకు ఉంది, అక్రిడిటేషన్‌ మాత్రం లేదు. ఆ రెండూ వేర్వేరని చాలా ఇళ్ళలో తెలిసింది ఆ తర్వాతే. సిటీ కాలేజీ అలాంటి దొంగ దుకాణం కాదు. ముప్పు మాత్రం అదే దారిన వచ్చింది.

అమెరికాలో ఈ గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం కాదు, కాలేజీలే కలిసి పెట్టుకున్న సంఘాలు. ఆ సంఘాలను ఫెడరల్‌ విద్యాశాఖ గుర్తిస్తుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల బాగోగులు చూసేది ఏసీసీజేసీ అనే కమిషన్‌. కొన్నేళ్ళకోసారి వేరే కాలేజీల అధ్యాపకులు, అధికారులు కలిసి వచ్చి చూసిపోతారు. అప్పట్లో ఆరేళ్ళకోసారి, తర్వాత దాన్ని ఏడేళ్ళు చేశారు. తనిఖీ రోజున పక్క కాలేజీ నుంచి కంప్యూటర్లు అరువు తెచ్చి ల్యాబులో పేర్చే విద్య మన దగ్గర కొందరికి కొట్టినపిండి. అక్కడ ఆ పప్పులు ఉడకవు. ఎందుకంటే వాళ్ళు చూసేది బల్లలూ కుర్చీలూ కాదు, కాగితాలు. ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, దానివల్ల పిల్లలు ఏం నేర్చుకున్నారు... అన్నిటికీ రాతపూర్వకంగా సాక్ష్యం కావాలి.

ఆ కాగితాల గోల తనిఖీ ఏడాదితో తీరిపోదు. కొత్త కోర్సు పెట్టిన ప్రతిసారీ ఉంటుంది. బయోటెక్‌ ల్యాబ్‌ టెక్నీషియన్‌ సర్టిఫికెట్‌ ఒకటి మొదలుపెడదామని ఓ అధ్యాపకురాలికి అనిపించిందనుకుందాం. ముందు ఆ ఉద్యోగాలు ఊళ్ళో ఉన్నాయో లేవో లెక్కలు తీయాలి. కంపెనీలవాళ్ళతో సలహా సంఘం వేసి, వాళ్ళ మాట రాసుకోవాలి. ఏ వారం ఏం చెబుతారో, చివరికి విద్యార్థికి ఏం వస్తుందో కోర్సు పత్రం తయారుచేయాలి. అది పాఠ్యప్రణాళిక కమిటీ ముందుకు వెళ్తుంది. ఆ కమిటీలో పెత్తనం అధ్యాపకులదే. 1988లో వచ్చిన రాష్ట్ర చట్టం పాఠాల విషయంలో వాళ్ళ మాటకు గట్టి విలువిచ్చింది. 'ఈ యూనిట్లు ఎక్కువ', 'ఈ పాఠం మా శాఖలో ఇప్పటికే ఉంది', 'లైబ్రరీ పుస్తకాల సంగతేంటి' అంటూ అక్కడ చాలానే వాదనలు నడుస్తాయి. అది గట్టెక్కాక ఎన్నికైన ట్రస్టీల బోర్డు, తర్వాత చుట్టుపక్కల కాలేజీల కూటమి, ఆపైన రాష్ట్ర ఛాన్సలర్‌ కార్యాలయం. టీచరమ్మకు ఆలోచన వచ్చిన ఏడాది చేరాలనుకున్న కుర్రాడు ఈలోగా ఇంకేదో పనిలో చేరిపోతాడు. అధ్యాపకులు విసుక్కునేది ఇందుకే. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు.

ఇవన్నీ దాటాక ఒక్కోసారి కమిషన్‌ గుమ్మం కూడా ఎక్కాలి. చిన్న చిన్న మార్పులకు అక్కర్లేదు. కాలేజీ స్వరూపాన్నే మార్చేవాటికి మాత్రం ముందస్తు అనుమతి తప్పనిసరి. ఇప్పటిదాకా ఉన్నవాటికి పూర్తిగా భిన్నమైన చదువు మొదలుపెట్టినా, ఒక ప్రోగ్రామ్‌లో సగం పైన వేరే ఊళ్ళో కొత్త భవనంలో చెప్పదలచుకున్నా, యాజమాన్యం మారినా ఇదే నియమం. సగం పైన ఆన్‌లైన్‌కు మారిస్తే కూడా చాలాకాలం ఇదే పద్ధతి ఉండేది. అనుమతి రాకముందే తరగతులు పెట్టేస్తే ఆ విద్యార్థులకిచ్చిన ఫెడరల్‌ సాయం వెనక్కి కట్టాల్సి రావచ్చు. ఓ కోర్సు ఎత్తేయాలన్నా ఊరికే బోర్డు తిప్పేస్తే కుదరదు. మధ్యలో ఉన్నవాళ్ళు చదువు పూర్తిచేసే దారి చూపించాలి. ఈ ఒక్క నియమం కోసమైనా మిగతా కాగితాలన్నిటినీ భరించొచ్చనిపిస్తుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి రాత్రికి రాత్రి తరగతులన్నీ తెరల మీదికి మారినప్పుడు మాత్రం ఫెడరల్‌ విద్యాశాఖే ఆన్‌లైన్‌ అనుమతుల విషయంలో తాత్కాలికంగా పట్టు సడలించింది.

సిటీ కాలేజీ దగ్గరికి మళ్ళీ వస్తే... ఆ పిడుగు హఠాత్తుగా పడిందేం కాదు. 2006లోనే తనిఖీ బృందం ఎనిమిది లోపాలు సరిదిద్దుకోమని చెప్పింది. ఆరేళ్ళు గడిచాయి. 2012లో మళ్ళీ వచ్చి చూస్తే పాతవి చాలావరకు అలాగే ఉన్నాయి. కొత్తవి కలిసి జాబితా పద్నాలుగైంది. ఆ జూలైలో షోకాజ్‌ నోటీసు ఇచ్చారు. గొడవ ప్రధానంగా పాఠాలు చెప్పే తీరు గురించి కాదు. పాలన, ప్రణాళిక, డబ్బు గురించి. ఖర్చులకు తగ్గ నిల్వలు లేవు, ఎవరు ఎవరికి జవాబుదారీయో తేలదు, పిల్లలు నేర్చుకున్నది కొలిచిన దాఖలాలు చాలవు. చిత్రమేమిటంటే అదే ఏడాది చైనాటౌన్‌లో కాలేజీ కొత్త భవనం తెరుచుకుంది. ఎన్నో ఏళ్ళు పోరాడి సాధించుకున్నది! ఓపక్క ఆ సంబరం, ఇంకోపక్క ఈ నోటీసు.

ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2012 నవంబరులో ఒక్కో స్థలానికి ఏడాదికి 79 డాలర్ల చొప్పున కాలేజీ కోసం పన్ను కట్టడానికి ఓటర్లు మూడింట రెండొంతులకు పైగా మెజారిటీతో ఒప్పుకొన్నారు. అధ్యాపకులు జీతాల కోత భరించారు. అయినా మరుసటి జూలైలో రద్దు నిర్ణయం తప్పలేదు. ఎన్నికైన బోర్డు అధికారాలు తీసి రాష్ట్రం ఓ ప్రత్యేక ట్రస్టీ చేతిలో పెట్టింది.

సరిగ్గా అప్పుడే కథ అడ్డం తిరిగింది. తనిఖీ చేసేవాళ్ళను తనిఖీ చేసేవాళ్ళు రంగంలోకి దిగారు. 2013 ఆగస్టులో ఫెడరల్‌ విద్యాశాఖ కమిషన్‌కే ఓ ఉత్తరం రాసింది. బృందాల్లో అధ్యాపకులు తక్కువ ఎందుకున్నారు? కాలేజీని చూడటానికి వెళ్ళినవారిలో కమిషన్‌ అధ్యక్షురాలి భర్త ఎందుకున్నారు? అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర అటార్నీ డెన్నిస్‌ హెరెరా కమిషన్‌పై దావా వేశారు. 2014 జనవరి 2న న్యాయమూర్తి కర్టిస్‌ కార్నో, కేసు తేలేదాకా గుర్తింపు తీసేయడానికి వీల్లేదన్నారు. 2015 ప్రారంభంలో తీర్పు వచ్చింది. కమిషన్‌ చట్టాన్ని ఉల్లంఘించిందన్నారు, కానీ కాలేజీలో లోపాలే లేవని అనలేదు. ఈలోగా కమిషన్‌ కూడా మెట్టు దిగి, తప్పులు దిద్దుకోవడానికి కాలేజీకి రెండేళ్ళ గడువిచ్చింది.

ఇంత జరిగినా కాలేజీ ఒక్కరోజు కూడా గుర్తింపు లేకుండా లేదు. ఈ మాట నమ్మించడానికి కాలేజీ పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 'మూసేస్తున్నారటగా' అనుకున్నవాళ్ళు పక్క ఊళ్ళకు పోయారు, కొందరు చదువే మానేశారు. విద్యార్థుల సంఖ్య దాదాపు మూడో వంతు పడిపోయింది. తలల లెక్కన వచ్చే రాష్ట్ర నిధులు దాంతోపాటే తగ్గాలి. అది పూర్తిగా కుంగదీయకుండా శాసనసభ ప్రత్యేక సాయం చేసింది కాబట్టి సరిపోయింది. కాలేజీకి గడువులు దొరికాయి, కమిషన్‌కు హెచ్చరికలు దొరికాయి. ఇంగ్లిషు తరగతి మానేసిన అమ్మమ్మకు మాత్రం ఎవరూ ఏమీ తిరిగివ్వలేదు.

నిజంగా గుర్తింపు పోతే ఏమయ్యేదో చూడాలంటే లాస్‌ఏంజెలెస్‌ పక్కనున్న కాంప్టన్‌ను అడగాలి. అక్కడి కాలేజీకి 2006లో గుర్తింపు పోయింది. రాష్ట్రం మూడు కోట్ల డాలర్ల అప్పిచ్చి, పక్కనున్న ఎల్‌కమీనో కాలేజీ కిందికి దాన్ని చేర్చింది. అలా చేర్చడం కూడా పెద్ద మార్పే కాబట్టి దానికీ కమిషన్‌ అనుమతి తీసుకోవాల్సి వచ్చింది! సొంత భవనాలు, సొంత పిల్లలు ఉండీ ఇంకో కాలేజీ పేరుతో సర్టిఫికెట్లు ఇస్తూ కాంప్టన్‌ ఏళ్ళ తరబడి గడిపింది. 2017 జూన్‌లోగానీ మళ్ళీ సొంత గుర్తింపు రాలేదు.

సిటీ కాలేజీకి అదే ఏడాది జనవరిలో పూర్తి గుర్తింపు ఖాయమైంది, ఏడేళ్ళకు. అంతకు రెండు నెలల ముందే శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ఇంకో పని చేసిపెట్టారు. 50 లక్షల డాలర్లు దాటిన ఆస్తుల అమ్మకాలపై పన్ను పెంచడానికి ఒప్పుకొన్నారు. ఆ డబ్బు అండతో 2017 ఆగస్టులో తరగతులు మొదలయ్యే నాటికి నగరవాసులకు యూనిట్‌ ఫీజు తీసేశారు. ఏళ్ళ తరబడి 'కాలేజీ ఉందా, మూసేశారా' అని అడిగిన ఊరిజనం రిజిస్ట్రేషన్‌ కిటికీ దగ్గర 'ఫీజు నిజంగానే లేదా' అని అడగడం మొదలుపెట్టారు.