మా ఊళ్ల మీద రాసింది మా ఊళ్లకు పంపండి

తుమకూరు, బెంగళూరు, అనంతపురం విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే అయ్యలకు, అమ్మలకు, పరిశోధన చేసే పిల్లలకు, అందరికన్నా ముందు అక్కడి గ్రంథాలయాలు నడిపేవారికి పావగడ తాలూకా అరసికెరె నుంచి రాస్తున్న విన్నపమిది.

మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర నేల. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. మా మీద జరిగే పరిశోధన మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అందులోనూ చాలావరకు డబ్బు కడితేనే చదవనిస్తారు.

పరిశోధకులు రావడం మాకు కొత్తేమీ కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో చూడడానికి సీసాల్లో పట్టుకుపోతారు. తిరుమణి వైపు 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి. ఐదు ఊళ్లలో పదమూడు వేల ఎకరాలు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్తతో మొదలైన ఒప్పందం. భూమి ఉన్నవాళ్లకు గుత్త వస్తుంది సరే, ఆ భూమిలో కూలి చేసుకుని బతికినవాళ్ల గతేమిటి, గొర్రెలు మేకలు ఎక్కడికి తోలుకుపోవాలి అని వచ్చినవాళ్లు అడిగారు. మావాళ్లు పని మానుకుని కూర్చుని జవాబులు చెప్పారు. ఆ జవాబులే అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలయ్యాయి. చివరికి ఏం తేలిందో జవాబు చెప్పినవాళ్లకు తెలియదు.

ఇక్కడి డిగ్రీ పిల్లవాడు ఫోనులో వెతికితే అలాంటి వ్యాసం పేరు, దాని సారాంశం నాలుగు ముక్కలు కనబడతాయి. మిగతాది చదవాలంటే ముప్పై డాలర్లో నలభై డాలర్లో కట్టమంటుంది. 2025-26లో కర్ణాటకలో ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలు. నలభై డాలర్లంటే తొమ్మిది రోజుల కూలికి పైమాటే. ఆ డబ్బులో రాసినవారికి పైసా రాదు, సరిచూసి పెట్టిన సమీక్షకులకూ రాదు. పరిశోధనకు పెట్టిన సొమ్ము చాలా సందర్భాల్లో ప్రభుత్వానిది, అంటే మా అందరిదీ.

చదవలేకపోతే కొంప మునిగేదేముంది అంటారేమో. 2000 ఖరీఫులో అనంతపురం జిల్లాలో ఏం జరిగిందో గుర్తు చేస్తాను. చెనిక్కాయ చేలు ఉన్నట్టుండి మాడిపోయాయి. లేతాకుల మీద మచ్చలు, కాండం మీద నల్లటి చారలు, ఆ తర్వాత మొక్క మొత్తం చచ్చిపోవడం. దాదాపు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కగట్టారు. చూపుకు పాత మొవ్వుకుళ్లు తెగులు లాగే ఉంది. కానీ పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ పని అని తేల్చారు. అది ఎక్కడ దాక్కుందంటే, మన గట్ల మీద విరగబూసే వయ్యారిభామలో. ఆ కలుపు మొక్కకు జబ్బు ఉన్నట్టే కనబడదు. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకుని చెనిక్కాయ చేలోకి వస్తుంది. పురుగు ఆకును గీకినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. ఇంత తెలిశాక చేయాల్సింది తేలికే: వయ్యారిభామను పూత రాకముందే పీకెయ్యాలి, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్నో సజ్జో వేసుకోవాలి.

ఈ ఉపాయంలో ఖరీదైన మందు ఏదీ లేదు. సంగతి తెలియడమొక్కటే కావాలి. మా చేలు, మడకశిర చేలు పక్కపక్కనే ఉంటాయి, తెగులు హద్దురాయి చూసి ఆగదు. వ్యవసాయ శాఖ కబురు మాత్రం వాళ్లకు అమరావతి నుంచి, మాకు బెంగళూరు నుంచి వస్తుంది. కదిరి పరిశోధన కేంద్రం చెనిక్కాయ మీద చేసే పని మాకు పక్క జిల్లాలోనే జరుగుతున్నా వేరే రాష్ట్రం సంగతై కూర్చుంటుంది. పరిశోధన ఎవరైనా చదువుకునేలా తెరిచి ఉంటే ఈ అడ్డు ఉండదు. ఇక్రిశాట్ తన ప్రచురణలకు అలాంటి ఉచిత భాండారం (రిపాజిటరీ) పెట్టుకుంది, సంతోషం.

ఫ్లోరైడు సంగతి చూడండి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును పరిశీలించి ‘ఇండియన్ మెడికల్ గెజెట్’లో రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి వ్యాసాల్లో అదొకటి. ఆ పత్రిక పాత సంచికలు ఇప్పుడు పబ్‌మెడ్ సెంట్రల్ అనే వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. తెల్లదొరల కాలం నాటి వ్యాసం తెరిచి ఉండి, ఈ నాటి మా బోరు నీళ్ల మీద రాసింది మూసి ఉండడం నాకు అన్యాయంగా కనబడుతోంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకానికి ఒప్పుకుంది. మూడేళ్లకు 6,000 కోట్లు, ముప్పై ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. ఆ సంస్థల్లో ఉన్నవాళ్లు ఆ పత్రికలు చదువుకోవచ్చు. మా పిల్లలు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరితే వాళ్లకు ఇది వరమే. చదువు ముగించుకుని ఊరికి వచ్చిన రోజున మాత్రం అది ఆగిపోతుంది. రైతు, ఆశా కార్యకర్త, పంచాయతీ సభ్యుడు మొదటినుంచీ ఆ లెక్కలోనే లేరు. వాళ్లకు అందాలంటే రాసినవారే తెరిచి పెట్టాలి.

పరిశోధకులారా, దానికి మీరు లక్షలు పొయ్యనక్కర్లేదు. ‘నేచర్’ లాంటి పత్రిక ఒక్క వ్యాసాన్ని అందరికీ ఉచితంగా పెట్టడానికి 2021లో 9,500 యూరోలు అడిగింది. ఆ దారి వదిలెయ్యండి. డబ్బిస్తే ఏదైనా వేసేస్తామనే దొంగ పత్రికల గడప అసలే తొక్కకండి. సమీక్ష అంతా అయ్యాక మీరు ఆఖరుగా పంపిన రాతప్రతి ఉంటుంది కదా, దాన్ని మీ సంస్థ భాండారంలో పెట్టండి. చాలా పత్రికలు దీనికి ఒప్పుకుంటాయి. కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. వ్యవసాయ పరిశోధన మండలి 2013లోనే, కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక శాఖలు 2014లోనే తమ సొమ్ముతో జరిగిన పనిని ఇలా పెట్టాలని విధానం చేశాయి. విధానం కాగితం మీద ఉంది, అమలు అంతంతమాత్రం. మీరు పెట్టే వ్యాసానికి ముందు ఒక్క పేజీ తెలుగులోనో కన్నడంలోనో రాయండి. ఏం చూశారు, ఏం తేలింది, మేం ఏం చేసుకోవచ్చు, ఈ మూడూ చాలు.

ఇక లైబ్రేరియన్లు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు వేసి పల్లెలకు పంపించారు. చదివేవాళ్లు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలని నమ్మిన తరం అది. దేశంలో మొదటి సంస్థాగత భాండారం బెంగళూరు ఐఐఎస్‌సీలో 2002లో పెట్టింది కూడా గ్రంథాలయ, సమాచార రంగం వాళ్లే. మీకు ఈ పని చేతకానిదేమీ కాదు. మీ భాండారంలో వ్యాసం చేర్చేటప్పుడు ఊళ్ల పేర్లు రాయండి. ‘తుమకూరు జిల్లా’ అని వదిలేస్తే మాకు దొరకదు. అరసికెరె, తిరుమణి, నాగలమడికె, వై.ఎన్. హొసకోట అని తెలుగు, కన్నడ లిపుల్లో కూడా ఎక్కించండి. మీ లైబ్రరీకి నడిచి వచ్చినవాళ్లు మీ విద్యార్థులు కాకపోయినా, అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని చదువుకోనివ్వండి. చాలా ప్రచురణ సంస్థల ఒప్పందాల్లో ఈ వెసులుబాటు ఉంటుంది. మీ ఒప్పందం ఒకసారి తీసి చూడండి. గుర్తింపు కార్డు లేదని గేటు దగ్గరే తిప్పి పంపకండి.

మా ఊరివాళ్లకూ ఒక మాట. శోధ్‌గంగ అనే వెబ్‌సైటు తెరిచి పావగడ అని కొట్టి చూడండి, సిద్ధాంత గ్రంథాలు ఉచితంగానే చదవొచ్చు. మన రాష్ట్రంలో పంచాయతీ గ్రంథాలయాలు అరివు కేంద్రాలుగా మారాయి. కంప్యూటర్, ఇంటర్నెట్ ఉన్నచోట పిల్లలను కూర్చోబెట్టి వెతికించండి. లేనిచోట గ్రామసభలో నిలబడి అడగండి. రేపు ఎవరైనా ప్రశ్నల కాగితం పట్టుకుని అరుగు మీదికొస్తే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టండి, జవాబు చెప్పేముందు మాత్రం ఒక మాట తీసుకోండి: ఇది అచ్చయ్యాక ఒక ప్రతి మా పంచాయతీ గ్రంథాలయానికి పంపాలి అని.

పరిశోధకులు ఆ మాట నిలబెట్టుకోవాలి. ఇంతకుముందే వచ్చి వెళ్లినవారు మీ దగ్గరున్న ప్రతిని ఈ నెలలోనే పంపండి.