కుందేలుకు నాలుగు గంటలు, కూలీకి నాలుగు నెలలు

పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు చూడని వ్యవసాయ కూలీ ఉండడు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. "ఎర్రదైతే ప్రమాదం, పచ్చదైతే ఏమీ కాదు" అని షాపు యజమాని రైతుకు చెప్తాడు. రైతు అదే మాట కూలీకి చెప్తాడు. కూలీ మూత తీసి మందు కలుపుతాడు. గ్లౌజులు లేవు. కలపడానికి కర్ర దొరక్కపోతే చెయ్యే కర్ర.

పత్తి, మిరప పండే ఊళ్లలో మేం తిరుగుతున్నప్పుడు కూలి రేట్ల తర్వాత ఎక్కువగా వినేది ఒంటి మంట సంగతే. మందు కొట్టిన మగవాళ్లకు నడుమూ తొడలూ ఎర్రబడి పొక్కుతాయి. మర్నాడు అదే చేలోకి కలుపుకో కోతకో దిగిన ఆడవాళ్లకు వేళ్ల సందులు పగులుతాయి, మోచేతుల దాకా దద్దుర్లు లేస్తాయి. రాత్రి చేత్తో అన్నం కలుపుకోలేక చెంచా అడిగే తల్లులున్నారు. ఇదేమిటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "పచ్చగుర్తు మందే కదమ్మా. నీ ఒంటి తత్వం అది. వేడి చేసింది, మజ్జిగ తాగు." ఈ మాట రైతు అంటాడు, ఆర్‌ఎంపీ అంటాడు, ఒక్కోసారి పెద్ద చదువు చదివిన డాక్టరూ అంటాడు. సన్నకారు రైతును, కౌలు రైతును ఇందుకు తిట్టి లాభం లేదు. అతను కూడా అదే ట్యాంకు వీపున మోస్తున్నాడు.

కాబట్టి ఆ రంగు ఏం చెబుతుందో, ఏం చెప్పదో మనం తేల్చుకోవాలి.

చావు లెక్క వేరు, మంట లెక్క వేరు

1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. 1971లో దాని కింద నిబంధనలు చేశారు. డబ్బా మీద రంగులు ఆ నిబంధనల్లోవే. ఎలుకల వంటి ప్రాణులకు ఎంత మందు పడితే సగానికి సగం చస్తాయి అన్నదే వాటి ఆధారం. నోటి ద్వారా అయితే కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే చంపేది ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు. 501 నుంచి 5000 దాకా నీలం. అది కూడా దాటితే ఆకుపచ్చ. చర్మం ద్వారా అయితే 200 మిల్లీగ్రాముల లోపు ఎరుపు, 20000 దాటితే ఆకుపచ్చ.

అంటే అర్థమేమిటి? రంగు చెప్పేది చావు లెక్క. మంట లెక్క అందులో లేదు, దురద లెక్క లేదు, పదేళ్ల తర్వాత బయటపడే జబ్బుల లెక్క అసలే లేదు. మన రైతులు ఎం-45 అని పిలిచే మాంకోజెబ్‌నే తీసుకోండి. నోటి ద్వారా ఎలుకను చంపాలంటే కిలో బరువుకు 5000 మిల్లీగ్రాములు దాటాలి. చావు లెక్కలో చిట్టచివర ఉండే మందు అది. అదే మందును ఐరోపా దేశాలు చర్మానికి ఎలర్జీ తెచ్చే పదార్థాల జాబితాలో పెట్టాయి. గర్భంలోని బిడ్డకు చెరుపు చేస్తుందనీ, ఒంట్లోని హార్మోన్లను చెడగొడుతుందనీ 2020లో దాని అనుమతిని పొడిగించడానికి నిరాకరించాయి. ఎలర్జీ స్వభావం ఏమిటంటే మొదటిసారి ఏమీ కాదు, రెండోసారీ కాదు. ఒళ్లు ఆ మందును గుర్తుపెట్టుకుంటుంది. ఒకనాడు కొంచెం తగిలినా తిరగబడుతుంది. "నిన్నటి దాకా లేనిది ఇవాళ ఎందుకొచ్చింది, వేషాలు కాకపోతే" అని మేస్త్రీ అనేది ఇక్కడే.

చర్మం మంటకు వేరే పరీక్ష ఉంది, లేకపోలేదు. 1944లో అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త జాన్ డ్రేయిజ్, ఆయన సహచరులు దాన్ని ఒక పద్ధతిలో పెట్టారు. అంతకు ముందు 1930లలో అక్కడ కనురెప్పలకు వేసుకునే ఒక రంగు వల్ల ఆడవాళ్లు కళ్లు పోగొట్టుకున్నారు. ఆ గొడవలన్నీ కలిసి 1938లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక సరుకు మంచిదో చెడ్డదో తేల్చే కొలత కావాల్సి వచ్చింది. అలా పుట్టిన పరీక్షనే మార్చుకుంటూ 1981 నుంచి చాలా దేశాలు ఒకే తీరున పాటిస్తున్నాయి. తెల్ల కుందేలు వీపు మీద బొచ్చు తీస్తారు. అర మిల్లీలీటరు మందును గుడ్డపేలిక మీద వేసి ఆరు చదరపు సెంటీమీటర్ల మేర అంటిస్తారు. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు ఆ జాగా. నాలుగు గంటల తర్వాత పేలిక తీసి కడుగుతారు. గంటకు, ఒక రోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు చూసి ఎరుపుకు సున్నా నుంచి నాలుగు మార్కులు, వాపుకు సున్నా నుంచి నాలుగు మార్కులు వేస్తారు. తగ్గకపోతే పద్నాలుగు రోజుల దాకా చూస్తారు.

కంపెనీల తరఫున మాట్లాడేవాళ్లు రెండు మాటలంటారు, వాటిలో నిజం ఉంది. కుందేలు చర్మం మన చర్మం కంటే సున్నితమైనది. పైగా చిక్కటి మందుతోనే పరీక్ష చేస్తారు, చేలో కొట్టేది నీళ్లు కలిపినది. సరే. కానీ కుందేలుకు పెట్టింది నాలుగు గంటలు, ఒక్కసారి, చల్లటి గదిలో, గాయం లేని చర్మానికి, ఒకే మందు. మా కూలీ పొద్దున ఏడు గంటలకు ట్యాంకు ఎత్తుకుంటాడు. ట్యాంకు కారుతుంది. చొక్కా, లుంగీ, డ్రాయరు తడిసి ఒంటికి అంటుకుంటాయి. ఎండకు చెమట పట్టి చర్మం మెత్తబడుతుంది. సాయంత్రం బోరు దగ్గర నీళ్లుంటే స్నానం, లేకపోతే అదే గుడ్డలతో ఇల్లు. మర్నాడు ఇంకొకరి చేను. పత్తికాలం పొడుగునా, మూడు నాలుగు నెలలు ఇదే. అరచేతుల్లో పగుళ్లు ఎలాగూ ఉన్నాయి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టించడం ఇప్పుడు మామూలైంది. చేలగట్టున కలిపే ఈ మిశ్రమాన్ని ఏ కుందేలు మీదా ఎవరూ పరీక్షించలేదు.

ఒళ్లంతా ఒకే చర్మం కాదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. 1971లో కాలిఫోర్నియాలో మైబాక్ అనే చర్మవైద్యుడు, ఆయన తోటివాళ్లు మనుషుల మీద పారాథియాన్ మందుతో కొలిచి చూశారు. ముంజేతి మీద రాసిన మందులో పదోవంతు కూడా లోపలికి పోలేదు. తల మీద రాస్తే మూడోవంతు దాకా పోయింది. చంకలో సగానికి పైగా పోయింది. వృషణాల సంచి మీద రాస్తే దాదాపు మొత్తం రక్తంలోకి పోయింది. వీపున కారిన మందు దిగి లుంగీలో ఎక్కడ చేరుతుందో మా వాళ్లకు చెప్పక్కర్లేదు. సిగ్గుతో డాక్టరుకు కూడా చెప్పుకోని మంట అది. మంట ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. కళ్లు తిరగడం, వాంతులు, చొంగ కారడం మొదలయ్యేది కూడా ఆ దారిలోనే.

ఎవరి చర్మం చవక?

చర్మ పరీక్షల చరిత్రలో ఇంకో అధ్యాయం ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 దాకా ఖైదీల వీపులు అద్దెకు తీసుకుని కంపెనీల సరుకులు పరీక్షించారు. ఖైదీలలో ఎక్కువమంది నల్లజాతి పేదలు. బెయిలుకు డబ్బుల్లేక ఒప్పుకున్నవాళ్లు వాళ్లలో ఉన్నారు. దీన్ని నడిపినవాడు క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు. 2,4,5-టి అనే కలుపుమందు తయారీలో పుట్టే డయాక్సిన్ విషం వల్ల 1964లో డౌ కెమికల్ ఫ్యాక్టరీ కార్మికులకు ఒంటి నిండా కురుపులు లేచాయి. ఎంత తగిలితే కురుపు లేస్తుందో తెలుసుకోవడానికి కంపెనీ ఈ డాక్టరుకు డబ్బిచ్చింది. కంపెనీ అనుకున్న మోతాదుకు నాలుగు వందల రెట్లు పైగా ఆయన కొంతమంది ఖైదీలకు పూశాడు. కురుపులు లేచాయి, లెక్క తేలింది.

పరీక్ష చేసేది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. సరుకు అమ్ముకునే కంపెనీయే డబ్బిచ్చి ప్రయోగశాలతో పరీక్ష చేయించి, ఆ కాగితాలు ప్రభుత్వానికి ఇస్తుంది. అమెరికాలో ఇండస్ట్రియల్ బయో-టెస్ట్ అనే పెద్ద ప్రయోగశాల పురుగుమందులకూ ఔషధాలకూ ఇలాగే పరీక్షలు చేసేది. 1976లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు తనిఖీ చేస్తే రికార్డులు దొంగవని బయటపడింది. 1983లో ముగ్గురు అధికారులకు నేరం రుజువైంది.

ఇప్పుడు రోజులు మారాయి. ఆపరేషన్లలో మిగిలిన మనిషి చర్మపు కణాలను గిన్నెల్లో పెంచి, పలుచని చర్మంలా తయారుచేసి, దాని మీద మందు వేసి కణాలు సగానికి సగం చచ్చాయా లేదా అని చూసే పద్ధతిని 2010లో అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. మన దేశంలో 2014లో సబ్బులు, క్రీములు వంటి సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధించారు. మంచిదే. కుందేలు మీద జాలి చూపినందుకు మాకేం అభ్యంతరం లేదు. అయితే ఆ గిన్నెలోని చర్మానికి చెమట పట్టదు, దాని మీద లుంగీ ఉండదు.

అసలు పరీక్ష చేలోనే జరుగుతోంది. 2017లో ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చనిపోయారు గనక లెక్కకొచ్చారు. ఒళ్లు కాలినవాళ్లు, చూపు మసకబారినవాళ్లు, చేతులు పగిలి వారం రోజుల కూలి పోగొట్టుకున్నవాళ్లు ఏ పుస్తకంలో ఉన్నారు? మందు విషం తగిలిన ప్రతి ఘటనను రిపోర్టు చేయమని ఎవరినైనా ఆదేశించే అధికారం 1968 చట్టం 26వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఇచ్చింది గానీ "ఆదేశించవచ్చు" అని రాసింది, "ఆదేశించాలి" అని రాయలేదు. మందు తయారీ, రవాణా, పిచికారీ చేసేవాళ్లకు రక్షణ దుస్తులుండాలని 1971 నిబంధనల్లో ఉంది. ఫ్యాక్టరీ కార్మికులకు, వ్యాపారంగా పిచికారీ చేసేవాళ్లకు వైద్య పరీక్షలు కూడా రాశారు. రోజుకొక చేలో రోజుకూలికి కొట్టేవాడు ఏ లెక్కలోకి వస్తాడో రాయలేదు.

మందు కొట్టాక ఎన్ని రోజులకు పంట కోయాలో లేబులు మీద ఉంటుంది. అది తినేవాడి కోసం. మందు కొట్టిన చేలోకి ఎన్ని గంటలకు దిగాలి అన్నది కూలీ కోసం. అమెరికాలో 1992 నియమాల ప్రకారం చర్మానికో కంటికో తీవ్రంగా హాని చేసే మందైతే రెండు రోజులు, అంతకు తక్కువదైతే ఒక రోజు, ఇంకా తక్కువదైతే పన్నెండు గంటలు కూలీని ఆ చేలోకి దింపకూడదు. కుందేలు వీపు మీద వేసిన మార్కులు అక్కడ గంటల లెక్కగా మారాయి. ఊరికే మారలేదు. అంతకు చాలా ముందే, 1970లో, సీజర్ చావెజ్ నాయకత్వాన కాలిఫోర్నియా ద్రాక్షతోటల కూలీలు ఏళ్ల తరబడి సమ్మె చేసి యజమానులతో రాయించుకున్న ఒప్పందాల్లో కూలి రేటు పక్కనే పురుగుమందుల షరతులు కూడా ఉన్నాయి.

మన ఊళ్లలో కూలి రేట్ల చర్చ ఏటా జరుగుతుంది. రేటు, భోజనం, ఆటో ఖర్చు మాట్లాడి లేస్తున్నాం. వచ్చే చర్చలో మందు కొట్టిన చేలోకి రెండు రోజుల దాకా కలుపుకు, కోతకు దిగబోమన్న మాట రాయించాలి. గ్లౌజులు, కారని ట్యాంకు, గట్టు మీద బిందె నీళ్లు, సబ్బు చేను యజమానివే అనాలి. చేను కౌలుదారుదైతే ఆ ఖర్చులో భూమి ఆసామి వాటా ఎంతో కూడా అక్కడే తేల్చాలి, లేకపోతే పేదవాడి మీద ఇంకో పేదవాడిని ఎగదోసినట్లవుతుంది.

రెండోది, ప్రతి ముఠాలో చదువొచ్చిన పిల్ల చేత ఒక నోటుబుక్కు పెట్టించాలి. తేదీ, పంట, ట్యాంకులో ఏయే మందులు కలిపారు, ఎన్ని గంటలు కొట్టారు, ఎవరికి ఒంటి మీద ఎక్కడ మంట లేచింది, ఎన్ని రోజుల కూలి పోయింది. లేబులును ఫోనులో ఫొటో తీసి ఉంచాలి. ఆసుపత్రికి పోయినప్పుడు ఆ ఫొటో డాక్టరుకు చూపించి, ఓపీ చీటీ మీద "చర్మవ్యాధి" అని కాకుండా మందు పేరుతో సహా "పురుగుమందు తగిలి" అని రాయమని అడగాలి. రాయనంటే ఇద్దరు ముగ్గురు కలిసి పోయి అడగాలి. ఆ చీటీల నకళ్లు మండల సంఘానికి చేర్చండి. 26వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇమ్మని కలెక్టరు ఆఫీసుకు పోయే రోజున మన చేతుల్లో ఉండాల్సిన కాగితాలు అవే.