అప్‌డేట్ చేసుకుంటేనే మాట్లాడనిస్తారట!

చాలా రోజులైంది ఇటువైపు వచ్చి. రాయడానికి ఏమీ లేక కాదు, బద్ధకం. ఇవాళ మాత్రం కడుపుమంటతో రాస్తున్నాను కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

సంగతేమిటంటే, మా టీములో ముగ్గురం ఇప్పటికీ ఊళ్ల నుంచే పనిచేస్తాం. నేను జనగామ. ఒక తమ్ముడిది మహబూబాబాద్ (రైల్వే బోర్డు మీద అలా ఉంటుంది, మాకు మాత్రం మానుకోటే). ఒక అమ్మాయిది భూపాలపల్లి. 2016 అక్టోబరు దాకా ముగ్గురిదీ ఒకటే వరంగల్ జిల్లా, ఇప్పుడు మూడు జిల్లాలు. కంప్యూటర్లు కూడా మూడు రకాలే. నాది కంపెనీ ఇచ్చిన మ్యాక్, తమ్ముడిది విండోస్, ఆ అమ్మాయిది లినక్స్. ముగ్గురినీ కలిపి ఉంచేది ఆఫీసు చాట్ ఒక్కటే. దాని పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, అన్నీ ఆ తాను ముక్కలే.

మొన్నొక శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ వచ్చింది. పాతది సోమవారం నుంచి పనిచేయదని పైన ఎర్ర గీత. సరే, మంచిదే, చేసుకుందాం అనుకున్నా. డౌన్‌లోడ్ అయ్యాక మ్యాక్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అది నా దగ్గరెందుకుంటుంది? హెల్ప్‌డెస్క్ దగ్గర ఉంటుంది. హెల్ప్‌డెస్క్ ఎక్కడుంటుంది? చాట్‌లో! తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టు. ఫోన్లో వెబ్‌సైట్ వెతికి, ఎవరినో పట్టుకుని, అవతలివాడు నా స్క్రీన్ చేతిలోకి తీసుకుని పాస్‌వర్డ్ కొట్టేసరికి సోమవారం మధ్యాహ్నం మూడయింది.

మానుకోట తమ్ముడి కథ ఇంకోరకం. విండోస్‌లో ఈ యాప్‌లు చాలావరకు యూజర్ ఫోల్డర్లోనే దిగిపోతాయి, అడ్మిన్ పర్మిషన్ అక్కర్లేదు. తెలివైన పద్ధతే. కానీ మా ఐటీ వాళ్లు అందరికీ కలిపి మరో కాపీ కూడా తోశారు. ఒకటి కొత్తది, ఒకటి పాతది, మెషీన్ ఆన్ చేసినప్పుడల్లా ఏది లేస్తుందో దాని దయ. పైగా అడక్కుండా తనంతట తాను డౌన్‌లోడ్ మొదలుపెడుతుంది. వాడున్నది ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఒకటిన్నర జీబీ. మధ్యలో సిగ్నల్ తెగితే తెగినచోటు నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి. క్లయింట్ కాల్ మధ్యలో డేటా అయిపోయి బయట పడ్డాడు పాపం.

ఈ రెండూ నవ్వుకుని మర్చిపోయే సంగతులే. టపా రాయించింది మూడోది.

భూపాలపల్లి అమ్మాయి కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. కాంట్రాక్టు వాళ్లకు లాప్‌టాప్ ఇవ్వరు, సొంతది తెచ్చుకోవాలి. తనది పాత ఇంటెల్, ఎనిమిదో తరం కంటే ముందుది. విండోస్ 11 దాన్ని గడప ఎక్కనివ్వదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. బుద్ధిమంతురాలు కాబట్టి సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని సిస్టమ్ మీద ఆఫీసు పని ఎందుకని లినక్స్ మింట్ వేసుకుంది. మన ఇళ్లలో ఎంతమంది ఇంజినీర్లు అంత శ్రద్ధ చూపిస్తారు?

దానికి బహుమానం ఏమిటంటే, మా చాట్ వాళ్లు ఈ వెర్షన్‌తో లినక్స్ యాప్ తీసేశారు. 'బ్రౌజర్లో వాడుకోండి' అన్నారు. ఇది వీళ్లొక్కళ్లే చేసిన పనేం కాదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్ లినక్స్ యాప్ 2019 డిసెంబరులో ప్రివ్యూగా వచ్చి 2022 డిసెంబరులో వెళ్లిపోయింది, దాని బదులు బ్రౌజర్ నుంచి పెట్టుకునే వెబ్ యాప్ ఇచ్చారు.

బ్రౌజర్లో వాడితే పోయేదేముంది అంటారా? పోయేది ఉంది. డెస్క్‌టాప్ యాప్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగగలదు: ఈ మనిషి కీబోర్డు ముట్టి ఎంతసేపైంది అని. ట్యాబ్‌కు మామూలుగా తన ట్యాబే ప్రపంచం. మీరు పక్కన టెర్మినల్లో మూడు గంటలు దీక్షగా కోడ్ రాస్తున్నా, ట్యాబ్‌కు మీరు లేనట్టే. పచ్చ చుక్క పసుపు అవుతుంది. కాసేపు చూడకపోతే బ్రౌజర్ మెమరీ కోసం ఆ ట్యాబ్‌ని నిద్రపుచ్చుతుంది. ఇక మెసేజీ వచ్చినా మోగదు.

మా దగ్గర కాంట్రాక్టు పొడిగింపు ఫారంలో 'అందుబాటు' అని ఒక గడి ఉంటుంది. అందులో అంకె చాట్ రిపోర్టు నుంచి దానంతటదే వచ్చి పడుతుంది. సంతకం పెట్టాల్సిన టీమ్ లీడుని నేను. పెట్టాను. నిజం చెప్పాలంటే ఆ అంకె వైపు చూడను కూడా చూడలేదు. ఏడాదికి రావాల్సిన పొడిగింపు మూడు నెలలకు వచ్చింది. కారణం: అందుబాటులో ఉండటం లేదు.

ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు. "అన్నా, పొద్దుగాల ఎనిమిదింటి సంది ఇక్కడ్నే కూసుంటున్న. నీకు పసుపు చుక్క కనవడితే నేనేం జెయ్యాలె?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

మరి ఈ గోల ఎవరితో అన్నా రెండు జవాబులు వస్తాయి. మొదటిది, 'లినక్స్ డెస్క్‌టాప్ వాడేది ఎంతమందిలే' అని. పనిచేయకుండా మీరే చేసి, మిగిలిన తలలు లెక్కపెట్టి తక్కువున్నారంటే ఎలా సార్? పగలంతా మనం డిప్లాయ్ చేసేది లినక్స్ సర్వర్ల మీదే కదా. సర్వర్‌గా ముద్దు, మనిషి చేతిలో ఉంటే చేదా?

రెండోది, 'సెక్యూరిటీ'. దీంట్లో నిజముంది, ఒప్పుకుంటాను. ఈ యాప్‌లు చాలావరకు ఎలక్ట్రాన్ మీద కట్టినవి, అంటే ప్రతి యాప్ కడుపులో సొంత క్రోమియం బ్రౌజర్ ఉంటుంది. క్రోమియంలో కంత దొరికితే యాప్ మొత్తాన్నీ మార్చాల్సిందే. మార్చండి, ఎవరొద్దన్నారు? కానీ ఆ కంత పూడ్చే పనితో పాటు కొత్త ఎమోజీలు, కొత్త రంగులు, ఎడమవైపున్న మెనూ కుడివైపుకు మార్చడం, అన్నీ ఒకే మూటలో కట్టి 'వేసుకోకపోతే సోమవారం నుంచి మాట్లాడనివ్వం' అనడం సెక్యూరిటీ ఎలా అవుతుంది? ఫైర్‌ఫాక్స్ వాళ్లు ఆఫీసుల కోసం ఈఎస్ఆర్ అని విడిగా ఇస్తారు, దాదాపు ఏడాది పాటు కొత్త హంగులు లేకుండా సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే వస్తాయి. డెబియన్ స్టేబుల్ వాళ్లూ పాత వెర్షన్‌నే బాగుచేసి ఇస్తారు. చేతకాని పని కాదు, చెయ్యాలని లేదు. అంతే.

నన్నడిగితే జబ్బు అప్‌డేట్ కాదు, ఇంకా లోపల ఉంది. ఈమెయిలుకు ఏ ప్రోగ్రామ్ వాడాలో పంపేవాడు చెప్పడు. థండర్‌బర్డ్‌లో రాస్తే ఔట్‌లుక్‌లో చదువుతారు. చాట్ కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. గూగుల్ టాక్ 2005లో వచ్చినప్పుడు ఎక్స్ఎంపీపీ అనే బహిరంగ ప్రోటోకాల్ మీద వచ్చింది. వాళ్ల విండోస్ యాప్ మనకు అక్కర్లేదు, లినక్స్‌లో పిడ్జిన్ పెట్టుకుని హాయిగా మాట్లాడుకున్నాం. పాత బ్లాగర్లలో చాలామంది స్నేహాలు ఆ చిన్న కిటికీలోనే మొదలయ్యాయి :) తర్వాత హ్యాంగవుట్స్ అన్నారు, బయటి సర్వర్లతో సంబంధం తెంచారు, 2022 జూన్‌లో పిడ్జిన్ లాంటి వాటికి ఆ తలుపు పూర్తిగా మూసేశారు. ఆఫీసు చాట్‌లో స్లాక్‌దీ అదే దారి. మొదట్లో ఐఆర్సీ, ఎక్స్ఎంపీపీ ప్రోగ్రాముల నుంచి కూడా లోపలికి రానిచ్చింది. 2018 మే 15న ఆ రెండు గేట్లూ మూసేసింది. గేటు తెరిచి ఉంటే యాప్ వాళ్లది ఏమైతే మనకేంటి, చిన్న ప్రోగ్రామ్ ఒకటి మనమే రాసుకుని భూపాలపల్లిలో నడిపించుకునేవాళ్లం.

ఇప్పుడూ అసాధ్యమేం కాదు. మ్యాట్రిక్స్ అనే బహిరంగ ప్రోటోకాల్ మీద ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగులకు ట్చాప్ అనే చాట్ కట్టుకుంది, జర్మనీ సైన్యం కూడా దాన్నే వాడుతోంది. సైన్యానికి చాలిన సెక్యూరిటీ మన టైమ్‌షీట్ల కంపెనీలకు చాలదా?

2020 జనవరిలో వరంగల్ మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఆఫీసులు మొదలైనప్పుడు మాలాంటి వాళ్లం ఎంత సంబరపడ్డామో! ఐటీ జిల్లాలకు వచ్చేస్తోంది అన్నారు. రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చి మమ్మల్నే ఊళ్లకు పంపింది. ఐటీ జిల్లాకు రావడమంటే అద్దాల బిల్డింగు ఒక్కటే కాదు కదా. రైలు కూడా లేని భూపాలపల్లిలో, ఫోన్ సిగ్నల్ మీద, పాత లాప్‌టాప్‌తో ఒకమ్మాయి పని చేయగలగాలి. 2000లలో ఉబుంటు వాళ్లు మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌నే సీడీ మీద పెట్టి, పైసా తీసుకోకుండా పోస్టులో ఇంటికి పంపేవారు, 2011 దాకా. అప్పుడు నెట్ లేనివాడి గురించి ఆలోచించారు. ఇప్పుడు నెట్ నెమ్మదిగా ఉన్నవాడు కూడా లెక్కలో లేడు.

ఇక్కడ చాలామంది చదువరులకు కోపం రావచ్చు, కానీ అడగక తప్పదు. ఈ యాప్‌లు రాసేదెవరు? టెస్ట్ చేసేదెవరు? మాదాపూర్‌లోనూ రెడ్‌మండ్‌లోనూ కూర్చున్న మనవాళ్లు బోలెడుమంది. 'కనీస వెర్షన్' అనే ఆ ఒక్క లైను రాసేటప్పుడు, అది చూసి ఎవరు బయట పడతారో ఎప్పుడైనా అడిగారా? పోయిన వారం నేను మా కంపెనీలోనే మరో ప్రాడక్టు టెస్టింగ్ టీముని అడిగాను, ఒక్కసారి హాట్‌స్పాట్ మీద ఇన్‌స్టాల్ చేసి చూడండి అని. 'ఆ కేసు మా స్కోపులో లేదు' అన్నారు. అన్నవాడిది పరకాల!

ఆ అందుబాటు గడి తప్పని, సంతకం నాదే కాబట్టి తప్పు కూడా నాదేనని, ఆమె చెక్-ఇన్ చేసిన కోడ్ తేదీలూ గంటలూ జతచేసి హెచ్చార్‌కు ఈమెయిలు పంపాను. పన్నెండు రోజుల తర్వాత నిన్న జవాబు వచ్చింది: 'దీని గురించి చాట్‌లో మాట్లాడుకుందాం, సోమవారం పదకొండింటికి, ఆమెను కూడా కలపండి.'

కలిపాను. పసుపు చుక్కే చూపిస్తోంది. ఫోన్ చేసి చెప్పాను, సోమవారం పదిన్నర నుంచే ఆ ట్యాబ్ ముందు పెట్టుకుని కూర్చో చెల్లె, దాన్ని వదిలి ఎటూ పోకు అని.