హక్కు రాజ్యాంగానిది, ఖర్చు ఎవరిది?

సూరత్: గుజరాత్ ప్రభుత్వం 2018లో యూదులను మతపరమైన అల్పసంఖ్యాక వర్గంగా గుర్తించింది. రాష్ట్రంలో వారి సంఖ్య రెండు వందల లోపే. వారిలోనూ అత్యధికులు అహ్మదాబాద్ వాసులు. అదే రాష్ట్రంలో సూరత్ నగరంలోని లింబాయత్, దక్షిణ శివారులోని భేస్తాన్ తదితర మరమగ్గాల ప్రాంతాలలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఈ రెండు వర్గాలకూ పోలిక లేనట్టు కనిపించినా, రాజ్యాంగం 30వ అధికరణం దృష్టిలో రెండూ ఒక్కటే. మతపరమైన అల్పసంఖ్యాకులతో పాటు భాషాపరమైన అల్పసంఖ్యాకులకు కూడా సొంత విద్యాసంస్థలను స్థాపించి, నిర్వహించుకునే హక్కును ఆ అధికరణం ప్రసాదిస్తున్నది. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రం ప్రాతిపదికగానే నిర్ణయించాలని సుప్రీం కోర్టు 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో స్పష్టం చేసినందున, గుజరాత్‌లో తెలుగువారికి ఈ హక్కు ఉన్నదా అన్న సందేహానికి తావు లేదు.

అయితే హక్కు ఉన్నంత మాత్రాన ఉపాధ్యాయునికి జీతం రాదు. ఆ జీతం సంఘమే భరించినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి మన దేశంలోని యూదుల అనుభవం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆ కథ మొదలైనది కూడా సూరత్ రేవులోనే. అలెప్పో నుంచి 1792లో ఇక్కడికి వచ్చిన షాలోం కోహెన్ అనే వర్తకుడు 1798లో కలకత్తాకు తరలివెళ్లి అక్కడి యూదు సమాజానికి ఆద్యుడైనాడు. సూరత్ వెనుకబడిన కొద్దీ మిగిలినవారు బొంబాయి దారి పట్టారు. వ్యాపారంలో గడించిన సొమ్ములో కొంత బడులకు ఇవ్వడం ఈ వర్తక కుటుంబాలలో ఆనవాయితీ. కలకత్తాలో 1881లో యూదు బాలికల పాఠశాల వెలిసింది. బొంబాయిలో బెనె ఇజ్రాయెల్ వర్గానికి చెందిన హయీం శామ్యూల్ కెహింకర్ 1875లో ప్రారంభించిన బడికి లండన్‌లోని ఆంగ్లో-జ్యూయిష్ అసోసియేషన్ ఆర్థిక సహాయం అందించింది. అనంతర కాలంలో ఎలీ కదూరీ విరాళంతో ఆ బడికి ఆయన పేరే స్థిరపడింది.

ఇజ్రాయెల్ 1948లో ఏర్పడిన తరువాత పిల్లలు వెళ్లిపోయారు, బడులు మిగిలాయి. కలకత్తా పాఠశాలలో ఇప్పుడు చదువుకునేవారిలో అత్యధికులు ముస్లిం బాలికలు. దాతల సొమ్ము వృథా అయినదని దీనిని బట్టి అనలేము. చదువు ఎవరికి అందినా చదువే. కానీ మత బోధ, హీబ్రూ భాష అనే అసలు లక్ష్యం మాత్రం నెరవేరే అవకాశం లేకుండా పోయింది.

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో పరిస్థితి సరిగ్గా తలకిందులు. బెనె ఎఫ్రాయిమ్‌గా చెప్పుకునే ఇక్కడి యూదులలో అనేకులు వ్యవసాయ కూలీలు. 1990 దశకం తొలినాళ్లలో ప్రార్థనా మందిరం నెలకొల్పుకున్న ఈ చిన్న సమాజంలో హీబ్రూ బోధన భారం ప్రధానంగా యాకోబి కుటుంబంపైనే పడింది. పిల్లలు ఉన్నారు, నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్నది, లేనిది నిధి. అమెరికాలోని కులాను వంటి సంస్థలు అందించిన చేయూత కొంత ఆసరా అయినా, శాశ్వత నిధికి అది సాటి రాదు.

భేస్తాన్ విషయం ఈ రెంటికీ నడుమ ఉన్నది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు తెలుగు, ఒడియా, మరాఠీ తదితర మాధ్యమాలలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వీలు కల్పించాలని 350-ఎ అధికరణం నిర్దేశిస్తున్నది కాబట్టి దీనిని కేవలం ఔదార్యంగా భావించనక్కరలేదు. అయితే పురపాలక బడికి పిల్లలే పునాది. తల్లిదండ్రులు ఇంగ్లీషు మాధ్యమం వైపు మొగ్గితే తరగతులు పలచబడతాయి. అప్పుడు తెలుగు నేర్పే బాధ్యత ఇంటిపైన, సంఘంపైన పడుతుంది.

అమెరికాలో సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి ఈ చిక్కును ఫీజులతో, సెలవు రోజున పాఠం చెప్పే స్వచ్ఛంద ఉపాధ్యాయులతో పరిష్కరించుకున్నది. మరమగ్గాల వాడకు ఆ పద్ధతి అమరదు. ఇక్కడ పన్నెండు గంటల షిఫ్టు మామూలు. కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. ఫీజు కట్టే స్తోమత కానీ, పాఠం చెప్పే తీరిక కానీ ఉన్న తల్లిదండ్రులు తక్కువ. చెల్లించగలిగినవారు నగరంలో స్థిరపడిన తెలుగు వర్తకులు, మగ్గాల యజమానులు. ఒక సాయంకాలపు తరగతికి కావలసినది అద్దె గది, ఒక ఉపాధ్యాయుని జీతం. చందాలు పోగైనప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేది మాత్రం సాధారణంగా శంకుస్థాపన, శిలాఫలకమే.