పేరు పొట్టిదైన నేమి, అర్థము పొల్లు గారాదు

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వరకు గల పేటలలో నేడు ఏ బారసాలకు బోయినను, బియ్యపు పళ్ళెరములో ఉంగరముతో వ్రాయుచున్నది రెండక్షరముల పేరే. దియా, సియా, జియా, మియా, ఇరా, ఆద్య, తన్వి! చూడ ముచ్చటగా నున్నవి, పిలువ సుళువుగా నున్నవి. పొట్టి పేర్లపై మాకెట్టి పగయు లేదు. గజము పొడవు పేరిడి, బడి పట్టికలో దానికి చోటు చాలక తునుకలు చేసిన కాలమును మేమెరుగుదుము. మా యాక్షేపణ పేరు నిడివిని గూర్చి కాదు. "అయ్యా, మీ బిడ్డ పేరునకు అర్థమేమి?" యని యడుగగా తండ్రి జేబులోని ఫోను దీసి వెదకుచున్నాడే, అదియే మాకు దుస్సహముగా నున్నది. తాను పెట్టిన పేరునకు తానే సాక్ష్యము చెప్పలేనివాడు, రేపు ఆ బిడ్డయే యడిగినపుడు ఏమని బదులు చెప్పును?

ఈ పేటల పేర్లే మనకు మొదటి పాఠము. దిల్‌సుఖ్‌నగరు దిల్‌సుఖ్ రామ్ ప్రసాదుగారి పేర వెలసినది. మలక్‌పేట జాగీరులోని తమ భూములను ఇండ్ల స్థలములుగా విభజించినవారు ఆయనయే. ఆ పేరులో పారసీకపు 'దిల్', సంస్కృతపు 'సుఖము' కలిసి కాపురము చేయుచున్నవి. ఎల్.బి. నగరన లాల్ బహదూర్ నగరు. 1964 మొదలు 1966 జనవరి 11వ తేదీన తాష్కెంటులో కన్నుమూయు వరకు ఈ దేశమునకు ప్రధానమంత్రిగా నున్న లాల్ బహదూర్ శాస్త్రిగారి నామమది. మియాపూరు నుండి వచ్చు మెట్రో బండిని ఇచట దిగు విద్యార్థుల నడిగి చూడుడు, ఆ రెండక్షరములు ఎవరివో ఎందరు చెప్పగలరు? పేరు పొట్టిదయ్యెను, మనిషి మరుగుపడెను.

విచిత్రమేమన, ఆ మహనీయుడు తన పేరును తానే కుదించుకొన్నవాడు. 'శ్రీవాస్తవ' యను కులనామమును ఆయన విసర్జించెను. 'శాస్త్రి' యనునది కాశీ విద్యాపీఠము చదువునకిచ్చిన పట్టము. అది సిద్ధాంతము వలన గలిగిన కుదింపు, ఎల్.బి. యనునది మరపు వలన గలిగిన కుదింపు. మన యాడబిడ్డల పేర్లయందు నేడు జరుగుచున్నది ఈ రెంటిలో ఏదియో యోచింపవలదా?

'సీత' పాతబడినదని 'సియా' యని పెట్టుచున్నారు. సియా యెవరు? ఉత్తరదేశపు నోళ్ళలో నలిగిన సీతయే సియా. సీత యన నాగటిచాలు. జనకుడు దున్నించుచుండగా చాలులో దొరకిన బిడ్డ గనుక ఆమెకా పేరు వచ్చినది. నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల చేలను విడిచివచ్చి ఈ పేటలలో ఇండ్లు గట్టుకొన్న రైతుబిడ్డలకు నాగటిచాలు సిగ్గుచేటెట్లయ్యెను? 'దియా' సంగతియు నంతే. సంస్కృత దీపశబ్దము హిందీలో దియా యైనది, తెలుగులో దివ్వె యైనది. ఇద్దరును ఒక్క తల్లి బిడ్డలే. ఒకతెను పల్లకిలో నూరేగించి, రెండవదానిని పెరటిలో నిలువబెట్టుచున్నాము. 'తన్వి' యన సన్నని మేను గల స్త్రీ. ఊయెలలోని పసికూనకు నడుము సన్నదనమా బిరుదు?

అన్యభాషా నామములు అంటరానివని మేమనము. దిల్‌సుఖ్‌నగరులో నిలిచి అట్లనుట చెల్లదు. జియా యన అరబ్బీలో వెలుగు. కియారా యిటలీవారి మాట, తేటయైనది, ప్రకాశించునది యని దానికర్థము. మియా ఐరోపాలో మరియ యను పేరునకు ముద్దు రూపము. ఎరిగి పెట్టుకొన్నచో ఇవియు మంచి పేర్లే. కాని పేర్ల పుస్తకములవారు ఏ శబ్దము దొరకినను 'లక్ష్మి', 'దుర్గ', 'చంద్రుడు' అను అర్థములనే త్రిప్పి త్రిప్పి యంటగట్టుచున్నారు. 'ఇరా' శబ్దమునకు వాక్కు అని చెప్పి యూరకుందురు. భూమి, వాక్కు, జలము అను వానితో పాటు మద్యమను నర్థము కూడ నిఘంటువున గలదని చెప్పరు. 'ఆద్య' యన మొదటిది, ఆదిశక్తి. అంతటి పేరునకు ఘనత చాలదని ఒత్తు తగిలించి 'ఆధ్య' యనుచున్నారు. ఒత్తు వచ్చెను, అర్థము పోయెను. 'మేధ' యన బుద్ధి. అచట ఒత్తు దీసి 'మేద' యని వ్రాయువారును గలరు. మేదస్సన క్రొవ్వు! ఒక్క యొత్తు తప్పినచో సరస్వతీ ప్రసాదము కటికవాని బల్లపైకి జేరుచున్నది.

మేము శాస్త్రమును బట్టి పెట్టితిమని కొందరందురు. సరియే, శాస్త్రమునే చూతము. స్త్రీల పేర్లు సులభముగా పలుకదగినవి, కఠినము గానివి, స్పష్టమైన యర్థము గలవి, మనోహరమైనవి కావలెనని మనుస్మృతి రెండవ యధ్యాయము చెప్పుచున్నది. బాలికల పేరునకు బేసి సంఖ్యలో అక్షరములుండవలెనని పారస్కర గృహ్యసూత్రము విధించుచున్నది. సీత, ఉమ, రమ, రాధ యను పేర్లలో ఎన్ని యక్షరములున్నవి? లోకము అక్షరముల లెక్కను విడిచి, స్పష్టార్థమును నిలుపుకొన్నది. మనము అర్థమును విడిచి, అక్షరముల లెక్కను పట్టుకొన్నాము. ఇరువదియేడు నక్షత్రములకు పాదమున కొక్కటి చొప్పున నూటయెనిమిది అక్షరములు నిర్ణయించిరి గదా. ఆర్ద్ర మూడవ పాదమున బుట్టిన బిడ్డకు 'ఙ' వచ్చును, హస్త మూడవ పాదమునకు 'ణ' వచ్చును. ఙకారముతో మొదలగు పేరుపెట్టి ఏ తల్లి బిడ్డను అన్నమునకు పిలువగలదు? అట్టి యెడ పురోహితుడే వేరొక యక్షరమునిచ్చి గట్టెక్కించుచున్నాడు. బిడ్డ కొరకు అక్షరము గాని, అక్షరము కొరకు బిడ్డ కాదు.

పొట్టి పేరు బలహీనమైన పేరని యెవరైన ననుకొన్నచో 'ఉమ'ను జూడవలెను. తపస్సునకు బోవలదని తల్లి 'ఉ, మా' యని వారించుటచే ఆ పేరు గలిగినదని కాళిదాసు కుమారసంభవమున జెప్పెను. తల్లి వలదన్న పనినే చేసి గెలిచిన బిడ్డ! కేనోపనిషత్తులో ఇంద్రునకు బ్రహ్మమును దెలిపినదియు ఉమయే. రెండక్షరములలో ఇంత కథ యిమిడియున్నది. కథ నెరిగి పిలిచిన తండ్రికిని, ఊరక పిలిచిన తండ్రికిని భేదము లేదా?

ఇక సంఖ్యాశాస్త్రమువారి బేరము. నాలుగు ఇంగ్లీషు అక్షరములతో ముగియు పేరును, అదృష్టసంఖ్య కుదురుటకై ఏడెనిమిదింటికి సాగదీయుచున్నారు. తుదకు జనన ధ్రువపత్రమున ఒక తీరు, ఆధారు కార్డున వేరొక తీరు, పదవ తరగతి పట్టాలో ఇంకొక తీరు! న్యాయవాద వృత్తిలో నున్నందున ఈ చిక్కుముడులు మా బల్లపైకి వచ్చుచునే యున్నవి. అఫిడవిట్లు, పత్రికా ప్రకటనలు, గెజెట్టు దరఖాస్తులు. అదృష్టము తెచ్చునన్న యక్షరము తెచ్చినది స్టాంపు కాగితముల ఖర్చు. ఇంత తొందర యేల? 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము 14వ సెక్షను పేరు లేకయే జననమును నమోదు చేయనిచ్చుచున్నది. పండ్రెండు నెలల లోపల రుసుము లేకయు, అటుపై రుసుముతో పదునైదేండ్ల వరకును పేరు చేర్పించుకొనవచ్చునని నియమములు గలవు. ఏడాది యోచింపుడని చట్టమే యనుచుండగా, అరగంటలో సోదెగానికి బిడ్డ పేరు నప్పగించుట వివేకమా?

పేరు చిన్న విషయమనువారు తెలంగాణపు నిన్నటి చరిత్రను తలచుకొనవలెను. దొరల గడీల ముంగిట లక్ష్మమ్మ 'లచ్చి' యయ్యెను, ఎల్లమ్మ 'ఎల్లి' యయ్యెను, మల్లమ్మ 'మల్లి' యయ్యెను. అవియును పొట్టి పేర్లే! 'అమ్మ' యను మర్యాదను కోసివేయగా మిగిలిన మొండెములవి. 1940 తరువాతి యేండ్లలో పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖు నెదిరించి తన పంటను దక్కించుకొన్న చాకలి ఐలమ్మ, ఆ 'అమ్మ'ను లోకముచేత పలికించినది. కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. దిల్‌సుఖ్‌నగరులో బస్సెక్కి యచటికి చదువబోవు బాలిక ఆ పేరును తన పట్టాపై ధరింపగలదు. ఆమె తల్లిదండ్రులో, ఇంట పుట్టిన పసిపాపకు 'అమ్మ'తో ముగియు పేరు మోటని ముఖము చిట్లించుచున్నారు!

మోటుదనము శబ్దములో లేదు, మనసులో నున్నది. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, మృత్యువు కన్ను గప్పుటకై, పసికందును పెంటకుప్పపై నుంచి 'పెంటమ్మ' యని పిలిచెడిది. పలుకు మోటు, లోపల ప్రాణమంత ప్రేమ. మహారాష్ట్రమున సతారా జిల్లాలో ఆడపిల్ల మరల పుట్టెనన్న రోతతో 'నకుశా', అనగా అక్కరలేనిది, అని పేరు పెట్టిరి. 2011లో ఆ జిల్లా యధికారులు సభ జరిపి రెండువందలకు పైగా బాలికలకు క్రొత్త పేర్లు పెట్టించవలసి వచ్చినది. కావున పేరన చెవి కింపైన చప్పుడు మాత్రమే కాదు. ఈ బిడ్డను మేమేమనుకొన్నామో వినుడని ఇంటివారిచ్చు వాఙ్మూలము.

పొట్టివియు, అర్థము గలవియునగు పేర్లు తెలుగున కొరవా? మొల్ల, జాజి, కలువ, చుక్క, మొలక, వెన్నెల, దివ్వె, సిరి. మొల్ల యన నొక మల్లెజాతి పువ్వు. ఆ రెండక్షరముల పేరు గల యాడుబిడ్డ రామాయణమును తెలుగున రచించి కవులలో నిలిచినది. సిరి సంస్కృతపు శ్రీశబ్దమునకు తెలుగు రూపము, ఐశ్వర్యమని యర్థము. ఆ పేరు ఈ పేటలలో చాలమంది పెట్టుచున్నారు, సంతోషమే. కాని వారినొక్క ప్రశ్న యడుగుదుము. కూతురికి సిరి యని పేరిడి, సిరిలో పాలిచ్చుచున్నారా? ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కునిచ్చు సవరణ ఆంధ్రప్రదేశములో 1986లోనే వచ్చినది, దేశమంతటికిని 2005లో వచ్చినది. ఆ హక్కు పుట్టుకతోనే సంక్రమించునని 2020లో సుప్రీముకోర్టు తేల్చి చెప్పినది. అయినను పసుపు కుంకుమల పేర నాలుగు రూకలు చేతబెట్టి, హక్కు విడుదల పత్రముపై సిరిచేతనే సంతకము చేయించు అన్నదమ్ములెందరు లేరు! పేరు పెట్టినది వాగ్దానము. వాగ్దానము చెల్లింపని యింట ఆ పేరు పరిహాసము.

కావున తల్లిదండ్రులకు మా విన్నపమిది. పొట్టి పేరే పెట్టుడు, ఏ భాష పేరైనను పెట్టుడు. కాని పేర్లమ్మువానికి పైకము చెల్లించుటకు ముందు, 1901లో స్థాపితమై సుల్తాన్‌బజారున నున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకో, మీ పేటలోని పఠనమందిరమునకో పోయి, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును ఒక్క గడియ త్రిప్పి చూడుడు. దొరకిన యర్థమును మీ చేతితో ఒక కాగితముపై వ్రాసి, ఈ పేరు నీకేల పెట్టితిమో రెండు వాక్యములు చేర్చి, బిడ్డ జనన పత్రముతో దాచియుంచుడు. ఆమెకు చదువు వచ్చిన నాడు ఆ కాగితమును చేతికిండు. ఏటేట 'బతుకమ్మ' యని పాడు జాతి మనది. బ్రతుకుమను దీవెననే దేవతకు పేరుగా బెట్టుకొన్న జాతి, తన కడుపున బుట్టిన బిడ్డకు అర్థమెరుగని చప్పుడును తగిలించి యూరకుండుట తగునా?