బడి మందుల పెట్టెలో ఇన్‌హేలర్ ఉంచండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో చాలా బడుల ఆవరణల్లో వయ్యారిభామ తెల్లగా పూసి ఉంటుంది. ప్రార్థనకు ముందు గదులు ఊడిస్తే లేచిన దుమ్ము ఇంకా అణగదు. బోర్డు తుడిస్తే సుద్దపొడి ముందు వరస పిల్లల ముఖాల మీదే పడుతుంది. ఉబ్బసం ఉన్న బిడ్డకు ఆయాసం రావడానికి వీటిలో ఒక్కటి చాలు. డొక్కలు ఎగరేస్తూ, మాట పూర్తిచేయలేక, పిల్లికూతలతో ఊపిరి తీసుకునే ఆ బిడ్డకు కావలసింది సాల్బుటమాల్ ఇన్‌హేలర్. స్పేసర్ గొట్టం తగిలించి ఒక్కో పఫ్ చొప్పున పీల్పిస్తే కొద్ది నిమిషాల్లోనే శ్వాసనాళాలు తెరుచుకుంటాయి. ఈ మందు 2022 నాటి జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో ఉంది. దీన్ని, స్పేసర్‌ను ప్రతి ప్రభుత్వ బడిలో, గురుకులంలో అందుబాటులో ఉంచాలన్నదే నా వినతి.

ఉబ్బసం సంగతి ఆసుపత్రులు చూసుకోవాలన్న అభ్యంతరం రావచ్చు. రోజూ వాడే నివారణ మందు రాసేది డాక్టరే, అందులో సందేహం లేదు. కానీ 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడికి వెళ్లి వెతకాల్సిన జబ్బుల్లో ఉబ్బస లక్షణాలనూ చేర్చింది. అంటే ఈ పిల్లలను బడిలోనే గుర్తించాలని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. గుర్తించిన బిడ్డకు అదే బడిలో ఆయాసం వస్తే 108 వచ్చేదాకా ఏం చేయాలన్నదే మిగిలిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకోమంటే, మరిచిపోయిన రోజునో, మందు అయిపోయిన రోజునో దిక్కుండదు. గురుకులాల పిల్లలకైతే ఇల్లే దగ్గరలో ఉండదు.

టీచర్లు మందులివ్వడమేమిటన్న ప్రశ్న ఇంకా బరువైనది. వాళ్ల మీద ఇప్పటికే పనిభారం ఎక్కువ, నిజమే. కానీ నులిపురుగుల మాత్ర మింగిస్తున్నదీ, ఐరన్ మాత్రలు పంచుతున్నదీ వాళ్లే కదా! సాల్బుటమాల్‌తో చేతులు వణకడం, గుండె దడ రావచ్చు, కాసేపట్లో తగ్గిపోతాయి. మందు అందక ఊపిరి ఆడకపోవడమే ప్రాణాంతకం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న భయమూ తల్లిదండ్రుల్లో ఉంది, అది వ్యసనమయ్యే మందు కాదు. బ్రిటన్‌లో 2014 అక్టోబరు నుంచి బడులు అత్యవసరానికి దీన్ని ఉంచుకోవచ్చు. అక్కడ తల్లిదండ్రుల అంగీకారం ముందే తీసుకుని, ఉబ్బసం ఉందని తేలిన పిల్లలకే వాడతారు. మనమూ అదే కట్టుబాటు పెట్టుకోవచ్చు. అయితే టీచరు భయం మందు గురించే కాదు, ఏదైనా జరిగితే నింద తన మీద పడుతుందని. ఆ భయాన్ని శిక్షణ ఒక్కటే తీర్చలేదు. సదుద్దేశంతో సాయం చేసినవారిపై చర్య ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి.

ఇన్‌హేలర్లు ఉంచడానికీ, టీచర్లకు ఈ రక్షణ ఇవ్వడానికీ వైద్య ఆరోగ్యశాఖతో కలిసి ఒక జీవో ఈ చలికాలం రాకముందే ఇవ్వండి. తరగతులు పిల్లలు రాకముందే తడిబట్టతో తుడిపించండి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి, ఆ పని మాత్రం పిల్లల చేత చేయించవద్దు.