ఆరు నెలలే అని ఎవరన్నారు?

2025 సెప్టెంబరు 19న హెచ్-1బీ మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడింది. అప్పటి నుంచి మన పత్రికల్లో, టీవీ చర్చల్లో అమెరికా అంటే ఉద్యోగం, ఉద్యోగమంటే అమెరికా. ఎవరి కొలువు నిలుస్తుంది, ఎవరిది ఊడుతుంది, డాలరు ఎంతకు చేరుతుంది అంటూ పూటకో లెక్క. ఆ కొలువు చేస్తున్నవాడి ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి వేయబోయి, స్మోక్ అలారం మోగుతుందని గుర్తొచ్చి ఆగిపోయిన అమ్మ మాత్రం ఏ చర్చలోనూ కనిపించదు. ఆవిడ పాస్‌పోర్టులో పదేళ్ల వీసా ఉంది. అక్కడ ఉండనిచ్చే గడువు ఆరు నెలలు.

ఆరు నెలలే, రూలంతే అంటారు అందరూ. కన్సల్టెన్సీవాళ్లు అంటారు, విమానంలో పక్క సీటాయన అంటాడు, పదిహేనేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్న కొడుకూ అదే అంటాడు. రూలు అది కాదు.

అసలు రూలు అమెరికా ఫెడరల్ నిబంధనల సంపుటం 8లో, 214.2(బీ) అనే చోట ఉంది. చుట్టపుచూపుగానో విహారానికో వచ్చే బీ-2 సందర్శకులను ఏడాదికి మించకుండా దేశంలోకి అనుమతించవచ్చన్నది అందులో మొదటి మాట. అర్హత ఉండి ఐ-94 ప్రవేశ పత్రం అందుకునే బీ-2 సందర్శకుడికి, అతను అంతకన్నా తక్కువ అడిగినా సరే, కనీసం ఆరు నెలలు ఇవ్వాలన్నది ఆ వెంటనే వచ్చే రెండో మాట. ఆరు నెలలు కనిష్ఠం, ఏడాది గరిష్ఠం. కాగితం మీద ఉన్న కనిష్ఠమే ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి గరిష్ఠమై కూర్చుంది. దాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం వల్ల అదే చట్టమని పేరుపడింది.

ఇక్కడ ఒక పాత కథ గుర్తు చేయాలి. న్యూయార్క్ జంట భవనాలు కూలిన ఏడు నెలలకు, 2002 ఏప్రిల్‌లో, అప్పటి ఇమిగ్రేషన్ విభాగం ఐఎన్ఎస్ ఒక ప్రతిపాదన తెచ్చింది. ఆరు నెలల కనిష్ఠాన్ని ఎత్తేయాలి, ఏడాది గరిష్ఠాన్ని ఆరు నెలలకు కుదించాలి అని. దాడి చేసినవాళ్లలో ఎక్కువమంది సందర్శక వీసాల మీదే వచ్చారు కాబట్టి ఆ భయానికి కారణముంది. అయినా ఆ ప్రతిపాదన తుది నిబంధన కాలేదు. విదేశీయుడంటేనే అమెరికా ఉలిక్కిపడిన ఆ రోజుల్లో కూడా పుస్తకంలో ఏడాది ఏడాదిలాగే మిగిలింది. ఇరవై ఏళ్లు దాటాక దాన్ని అడగడానికి మనకేమి మొహమాటం?

ఆరు నెలల వల్ల ఏమవుతుందో తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కోడలి కాన్పు అనగానే రెండు కుటుంబాలూ క్యాలెండర్ ముందేసుకుంటాయి. పురుడు పోయడానికి ముందు అమ్మాయి తల్లిదండ్రులు వెళ్తారు. వాళ్ల గడువు తీరేలోగా అబ్బాయి తల్లిదండ్రులు దిగాలి. వియ్యాలవారి మధ్య ఇది అచ్చంగా షిఫ్టు డ్యూటీ. డాలస్‌లోనో న్యూఆర్క్‌లోనో ఒక జంటను ఎక్కించి, రెండు రోజుల తేడాతో మరో జంటను దించుకోవడం అక్కడి పిల్లలకు అలవాటైపోయింది. పసివాడు అమ్మమ్మ ఒడి మరిగేలోపే నానమ్మ వస్తుంది. నానమ్మ పాటకు నిద్రపోవడం మొదలుపెట్టేసరికి ఆవిడ సూట్‌కేసు తూకం వేయాల్సిన రోజు వస్తుంది.

ఈ షిఫ్టులు మన మమకారం వల్ల మాత్రమే పుట్టలేదు. వేతనంతో కూడిన ప్రసూతి సెలవును దేశవ్యాప్త హక్కుగా ఇవ్వని సంపన్న దేశం అమెరికా. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ కొన్ని షరతులకు లోబడిన ఉద్యోగులకు. మూడో నెల దాటగానే తల్లి లాగిన్ అవ్వాలి. బిడ్డను ఎవరో ఒకరు చూడాలి. ఆ ఎవరో ఒకరు గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వస్తే ఆ దేశ ఖజానాకు రూపాయి ఖర్చు లేదు. ఇంత చవకగా దొరికే మనిషిని ఆరు నెలలకోసారి మార్చుకోవాలనే పట్టుదల ఏమిటో అర్థం కాదు.

మందుల సంగతి చూడండి. వెంట తెచ్చుకునే మందులు మూడు నెలలకు సరిపడా ఉండవచ్చన్నది అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే మాట. ఉండేది ఆరు నెలలు. మిగతా మూడు నెలల బీపీ, షుగర్ మాత్రలు ప్రిస్క్రిప్షన్ జతచేసి కొరియర్‌లో తెప్పించుకోవాలి, లేదా అక్కడి డాక్టరుకు ఫీజు కట్టి చీటీ రాయించుకోవాలి. ఇన్సూరెన్స్ మరో పద్మవ్యూహం. సందర్శకుల పాలసీల్లో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బులు వర్తించవు. అరవై దాటిన మన పెద్దల్లో ముందునుంచీ ఏదో ఒక జబ్బు లేనిదెవరికి? గుండెలో స్టెంట్ ఉన్న మామగారికి గుండెనొప్పి వస్తే పాలసీ కాగితంలో అతిచిన్న అక్షరాల్లో ఉన్న మాట మీద లక్షల రూపాయలు ఆధారపడతాయి. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీ గదిలో డబ్బు లేదని వెనక్కి పంపరు. బిల్లు మాత్రం వెనకే వస్తుంది.

గడువు పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచుకోవచ్చు. ఐ-539 ఫారం ఉంది. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద 470. సమస్య ఫీజు కాదు, జవాబు. అడిగిన కాలం గడిచిపోయాక కూడా నిర్ణయం రాని సందర్భాలు అక్కడివాళ్లకు కొత్త కాదు. దరఖాస్తు సకాలంలో పెట్టి ఉంటే అది తేలేదాకా అక్రమ నివాసం కింద లెక్క కట్టరు. కాని మనవడి అన్నప్రాశన దాకా ఉందామని ఆగిన పెద్దమనిషి, ఏ రోజు ఏ కాగితం వస్తుందో తెలియక పోస్టు పెట్టె చుట్టూ తిరుగుతుంటాడు. గడువు మీరి ఉన్నట్టు తేలితే పదేళ్ల వీసా చెల్లకుండా పోతుంది. అక్రమ నివాసం నూట ఎనభై రోజులు దాటితే మూడేళ్లు, ఏడాదికి చేరితే పదేళ్లు తిరిగి రానివ్వకూడదని 1996 చట్టం. అధికారి మొదటి రోజే, తన చేతిలో ఉన్న అధికారంతో, ఏడాది రాసి ఉంటే ఈ తతంగం అంతా అక్కర్లేదు. మళ్లీ చెప్పాలి: ఏడాది ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కాంగ్రెస్‌లో ఓటింగు అక్కర్లేదు. ఉన్న నిబంధనను ఉన్నట్టు వాడితే చాలు.

పక్కనే కెనడా ఉంది. తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ దరఖాస్తులు లక్షా అరవై ఐదు వేలకు పైగా పేరుకుపోయినప్పుడు, 2011 డిసెంబరులో ఆ దేశం సూపర్ వీసా తెచ్చింది. మొదట ఒక్కో రాకకు రెండేళ్లు. 2022 జూలై నుంచి ఐదేళ్లు. పిల్లలు ఆదాయం చూపించాలి, పెద్దలకు కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా ఉండాలి. అంతే. ముసలివాళ్లు ఆస్పత్రుల మీద భారమవుతారన్న భయానికి ఆ బీమాయే జవాబు. అమెరికా సందర్శకుడిని బీమా అడగనే అడగదు, కాలం మాత్రం కోసేస్తుంది. ఆస్ట్రేలియా 2019లో మూడేళ్ల, ఐదేళ్ల తాత్కాలిక పేరెంట్ వీసా పెట్టింది. న్యూజీలాండ్ 2025 సెప్టెంబరు చివర్లో ఐదేళ్ల పేరెంట్ బూస్ట్ వీసా మొదలుపెట్టింది. ఇవేవీ దయాధర్మాలు కావు. పనిచేసే వయసు పిల్లలు దేశం విడిచి పోకుండా చేసుకున్న ఏర్పాట్లు.

కెనడాలో పిల్లలు పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు. నిజమే. అయితే మన పిల్లలకు అమెరికాలో శాశ్వత నివాసం ఎప్పుడు వస్తుందో చూద్దాం. 2025 అక్టోబరు వీసా బులెటిన్‌లో ఉద్యోగాల ద్వారా గ్రీన్‌కార్డులిచ్చే ఈబీ-2 కోటాలో భారతీయుల వంతు 2013 ఏప్రిల్ 1 దగ్గర ఆగింది. ఆనాడు వరుసలో నిలబడ్డ కుర్రాడికి తండ్రి వయసు యాభై ఎనిమిది అనుకుంటే ఆ బులెటిన్ నాటికి ఆయనకు డెబ్బై. గ్రీన్‌కార్డు అప్పుడే వచ్చినా పౌరసత్వానికి ఇంకో ఐదేళ్లు. తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడిగే హక్కు పౌరులదే తప్ప గ్రీన్‌కార్డుదారులది కాదు. అప్పటికి తండ్రికి డెబ్బై ఐదు. ఈ పదిహేడేళ్లూ ఆయనకున్న దారి బీ-2 ఒక్కటే. పైగా చాలామంది పెద్దలకు గ్రీన్‌కార్డు అక్కర్లేదు. ఇక్కడ ఇల్లుంది, పెన్షనుంది, పొలముంది, పొద్దున వాకింగ్‌కు పిలిచే స్నేహితులున్నారు. వాళ్లకు కావలసింది వలస కాదు, తొందర లేని చుట్టరికం.

వెళ్లినవాళ్లు తిరిగి రారేమోనన్న అనుమానం ఒకటుంది. 2023 ఆర్థిక సంవత్సరానికి అమెరికా అంతర్గత భద్రతా శాఖే ఇచ్చిన నివేదికలో విమాన, ఓడ మార్గాల్లో వచ్చిన తాత్కాలిక సందర్శకుల్లో గడువు దాటినవారు 1.45 శాతం. అన్ని దేశాలవాళ్లనూ కలిపిన లెక్క అది. ఆ కొద్దిమంది కోసం వందలో మిగతా తొంభై ఎనిమిది మందికి పైగా మనుషుల గడువును కనిష్ఠం దగ్గరే కట్టేయడం ఏ రకం విజ్ఞత?

ఇక మనవైపు రచయితల సంగతి. ఆదివారం అనుబంధాల్లో ఈ విషయం మీద వచ్చేవన్నీ ఒకే మూసలో ఉంటాయి: బంగారు పంజరం, కారు లేనిదే కదలని బతుకు, కిటికీలోంచి మంచు చూస్తూ కన్నీళ్లు పెట్టుకునే అమ్మ. చివర్లో మన ఊరే నయమని ముక్తాయింపు. కారు రాని పెద్దలకు సబర్బ్ బతుకు కష్టమన్నది నిజం. అయితే ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో వేసవి సాయంత్రాలు చెరువు గట్టు చుట్టూ పది మంది తెలుగు పెద్దలు గుంపుగా నడుస్తూ ఏ పచారీ కొట్లో గోంగూర లేతగా ఉందో చెప్పుకోవడం కూడా నిజమే. స్నేహాలు కుదిరి, బస్సు రూటు తెలిసి, గ్రంథాలయంలో కార్డు తీసుకుని, దారి అలవాటయ్యేసరికి ఐదో నెల. ఒంటరితనానికి సగం కారణం ఆ గడువే. దాని గురించి ఒక్క వాక్యం రాయకుండా కన్నీళ్లు మాత్రం పేజీల కొద్దీ పారిస్తున్నారు.

ఈలోగా తలుపు ఇంకా బిగుస్తోంది. 79 ఏళ్లు దాటినవారికి వీసా ఇంటర్వ్యూ నుంచి ఉన్న మినహాయింపు 2025 సెప్టెంబరు 2 నుంచి పోయింది. మొదటిసారి వీసాకు వెళ్లే ఎనభై ఏళ్ల అవ్వ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో నిలబడి తాను తిరిగి వస్తానని నిరూపించుకోవాలి. 2025 జూలై 4న సంతకమైన చట్టం 185 డాలర్ల వీసా ఫీజు మీద మరో 250 డాలర్ల ఇంటెగ్రిటీ ఫీజును చేర్చింది. నిబంధనలు పాటిస్తే తిరిగిస్తారట. నిజాయతీకి డిపాజిట్ కట్టించుకునేవాళ్లు తమ పుస్తకంలోని ఏడాదిని మాత్రం నిజాయతీగా ఇవ్వరు.

అదే పిల్లలకు పుట్టిన అమెరికా పౌరుడికి, అంటే ఆ మనవడికి, మన ప్రభుత్వం ఓసీఐ కార్డు ఇస్తుంది. వాడు అమ్మమ్మగారి ఊళ్లో జీవితాంతం ఉండవచ్చు. అమ్మమ్మ వాడి ఇంట్లో ఉండాలంటే ఆరు నెలలు.

అమెరికాకు పెట్టుబడుల కోసం వెళ్లే మన ముఖ్యమంత్రులూ మంత్రులూ అక్కడి కంపెనీల గుమ్మాలు ఎక్కుతారు, ఒప్పందాల ఫొటోలు దిగుతారు, తెలుగువాళ్లను చూసి గర్వపడుతున్నామని చెబుతారు. ఢిల్లీలో విదేశాంగ శాఖ ప్రతి భేటీలోనూ నిపుణుల రాకపోకల గురించి మాట్లాడుతుంది. నిపుణుల కన్నతల్లుల రాకపోకల మీద ఎవరు ఎప్పుడు మాట్లాడారో చూపించమనండి. జూలై 4 సెలవుల్లో అక్కడ జరిగే తెలుగు మహాసభలకు సినిమా తారలు వెళ్తారు, నాయకులు వెళ్తారు, తీర్మానాలు జరుగుతాయి. హాల్లో ముందు వరుసల్లో పట్టుచీరలతో, కండువాలతో కూర్చుని చప్పట్లు కొట్టేది ఈ సందర్శకులే. వాళ్లలో ఎంతమందికి ఆ నెలాఖరుకే గడువు ముగుస్తుందో వేదిక మీద ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తమని అడిగి చూడాలి. అడిగాక 214.2(బీ) కాపీ ఒకటి చేతబట్టుకుని వాషింగ్టన్ వెళ్లాలి. మీరు రాసుకున్న ఏడాది ఏదని అడగడానికి భాష సమస్య కూడా లేదు. అది వాళ్ల భాషలోనే ఉంది.